గుడ్డ కప్పిన కేకు

మా ఆడపడుచు రోషెల్‌కి దేవుడు ఏదిచ్చినా కొసరు వేసి మరీ ఇస్తాడు. జుట్టిచ్చాడు, నడుం దాటేదాకా ఇచ్చాడు. గొంతిచ్చాడు, చర్చిలో తను పాట ఎత్తుకుంటే వెనక వరసలో నేనూ ఉన్నానని పాస్టరు గారికి కూడా గుర్తుండదు. చివరికి కొడుకునిచ్చాడు, ఆ కొడుక్కి ఐదు స్టార్లిచ్చాడు. నా కొడుక్కి రెండు. ఆ రెండోది కూడా వెబ్‌సైటు వాడి చెయ్యి జారి పడి ఉంటుందని మా హొసియా బాబాయ్ అంటాడు.

హైస్కూల్లో ఫుట్‌బాల్, అదే, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట, ఆడే కుర్రాళ్లలో ఎవడు ఏపాటివాడో తేల్చి వెబ్‌సైటు వాళ్లు ఈ స్టార్లు వేస్తారు. ఐదున్నవాడి గుమ్మం ముందు కాలేజీ కోచ్‌లు వరస కడతారు. రెండున్నవాడు కోచ్‌ల గుమ్మం ముందు నిలబడాలి.

రోషెల్ కొడుకు టెవిన్, నా కొడుకు కోర్డెల్, ఇద్దరూ ఒకే బడి, ఒకే జట్టు, ఒకే వరస. ఎదుటి జట్టు వాళ్లను గుండెలతో తోసుకుంటూ పోయి బంతి పట్టుకున్నవాణ్ణి కింద పడేసే వరస అది. పడేసేది టెవిన్. అరుపులు, చప్పట్లు, పేపర్లో ఫోటో, అన్నీ టెవిన్‌వే. కానీ పక్కన మా వాడు ఇద్దరేసి మనుషుల్ని ఒంటిచేత్తో ఆపితేనే కదా ఆ సందులోంచి టెవిన్ దూరేది! అది చూసేవాళ్లకు కనపడదు. కన్నదానికి కనపడుతుంది, కనపడి కడుపు మండుతుంది.

మా ఊరు పైన్‌ఫోర్క్‌లో నాకో చిన్న కొట్టుంది. పొద్దున గ్రేవీ పోసిన బిస్కట్లు, అంటే మెత్తటి చిన్న రొట్టెలు, కాఫీ. మధ్యాహ్నం నుంచి ఆర్డరు మీద కేకులు. కిటికీ పక్క బల్ల మాత్రం నాది కాదు, హొసియా బాబాయ్‌ది. ఇరవైయేళ్లు ఊరంతా ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఇప్పుడు ఫోను ముందేసుకుని ఏ కుర్రాడు ఏ కాలేజీకి పోతాడా అని చూస్తూ కూర్చుంటాడు. ఏ పిల్లాడి బూటు సైజెంతో, ఎవడి అమ్మమ్మ ఏ కాలేజీ పక్షమో అన్నీ ఆయన నాలుక చివరే.

ఊరంతా కహాబా స్టేట్ కాలేజీ మనుషులమే. ఆకుపచ్చ రంగు మాది. మా నాన్న కహాబా స్టేడియం బయట ఉడకబెట్టిన పల్లీలు అమ్మాడు. నా పెళ్లి కేకు ఆకుపచ్చది. మా మామగారైతే పోయేముందు ఆకుపచ్చ దుప్పటి కప్పమన్నాడు. ఊళ్లో మా పగవాళ్ల మరెంగో యూనివర్సిటీ మనిషి ఒక్కడంటే ఒక్కడు, పర్విస్. మెరూన్ రంగు టై కట్టుకుని శవాల పెట్టెల దుకాణం నడుపుతాడు.

"మీరెన్ని తిట్టినా నాకేం నష్టం లేదర్రా," అంటాడు బిస్కట్టు విరుస్తూ. "చివరికి మీ అందర్నీ మోయాల్సింది నేనే. పెట్టె లోపల మెరూన్ గుడ్డ వేయిస్తాను జాగ్రత్త."

జనవరి నెలంతా ఆ బల్ల దగ్గర ఒకటే గోల. ఫిబ్రవరి మొదటి బుధవారం సంతకాల రోజు. ఆ రోజు దేశంలోని కుర్రాళ్లంతా తాము ఏ కాలేజీకి ఆడతారో కాగితం మీద సంతకం పెడతారు. టెవిన్ కహాబా అంటాడా, మరెంగో అంటాడా? వాడు మాత్రం నోరు విప్పడు.

"నిన్న మరెంగో కోచ్ విమానం మన ఊరి బయట దిగిందిట," అన్నాడు పర్విస్ ఒక పొద్దున.

"దిగితే?" అన్నాడు బాబాయ్ ఫోన్లోంచి తలెత్తకుండా. "పత్తి చేలకి మందు కొట్టే విమానాలు కూడా అక్కడే దిగుతాయి. పురుగులున్న చోటికే కదా వచ్చేది."

"ఏడు నెంబరు విమానం. పెద్ద కోచ్‌ది. చిన్నాచితకా వాళ్లు వస్తే కారులో వస్తారు."

"మీ పెద్ద కోచ్ పోయినేడు మా మీద ఆట ఓడి బొబ్బలు పెట్టింది మరిచిపోయావా? ఆ ఏడుపుకి గడ్డి పచ్చబడిందిట."

"గడ్డి పచ్చబడితే మీరు మేయడానికే కదా."

మా ఆయన వెండెల్ వాళ్ల మధ్యన కూర్చుని మామూలుగా అయితే అందరికంటే గట్టిగా అరిచేవాడు. ఈసారి కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. బాబాయ్ ఆయన భుజం తట్టాడు. "ఏంటల్లుడూ, మేనల్లుడు మనవైపు రావాలని మొక్కుకున్నావా లేదా?"

"మొక్కుకున్నా," అన్నాడు మా ఆయన. అబద్ధమో నిజమో ఆయనకే తెలియదు పాపం.

సంగతేంటంటే, క్రిస్మస్ అయిన తర్వాత ఒక ఆదివారం కహాబా కోచ్ మా కోర్డెల్‌కి ఫోను చేశాడు. వరసలో ఆడేవాళ్లకి ఇంకొక్క స్కాలర్‌షిప్ సీటే మిగిలిందన్నాడు. అది టెవిన్ కోసం పెట్టాం అన్నాడు. టెవిన్ వద్దనుకుంటే నీదే, సంతకాల బుధవారం ఫోను దగ్గర పెట్టుకో, పెన్ను జేబులో పెట్టుకో అన్నాడు. మా వాడు "సరే సార్, థాంక్యూ సార్" అని పెట్టేసి నా మొహంలోకి చూశాడు.

నాలుగేళ్ల చదువు, తిండి, గది, పుస్తకాలు, అన్నీ ఆ సీటులో ఉన్నాయి. అది లేకపోతే వాడు వాళ్ల నాన్నతో పాటు కాగితం మిల్లుకే. ఆ మిల్లులో చేరిన మగాడు ఊళ్లో ఎవడూ మళ్లీ బయటికి రాలేదు. కాబట్టి సీటు కావాలి. కావాలంటే టెవిన్ మరెంగోకి పోవాలి. స్టేడియం బయట పల్లీలమ్మినవాడి కూతురిగా పెరిగినదాన్ని, మా నాన్న సమాధి మీద ఆకుపచ్చ జెండా గుచ్చినదాన్ని, శత్రువు గెలవాలని మొక్కుకోవాల్సిన ఖర్మ పట్టింది నాకు. అందులో నాకు మంటెక్కించింది ఇంకోటి. నా కొడుకు తినబోయేది ఆ పిల్లాడు వద్దని తోసేసిన కంచం. పుట్టినప్పటినుంచీ ఇంతే. ఉయ్యాల వాడిది, తర్వాత మా వాడికి. మా వాడు నెల్రోజులు పెద్ద, అయినా సరే ఉయ్యాల ముందు వాళ్లింట్లోనే ఊగింది.

ఈ కోచ్ మాట ఇంట్లో మా ముగ్గురికే తెలుసు. నేనే ఎవరికీ చెప్పొద్దన్నాను. మిగిలింది తింటున్నాం అని డప్పు కొట్టుకుంటామా?

పర్విస్ ప్లేటులో నాకు తెలియకుండానే పీచ్ జామ్ ఎక్కువ పడటం మొదలైంది. బాబాయ్ కళ్లు డేగ కళ్లు.

"ఏంటమ్మాయ్, శత్రువుకి జామ్ పెరుగుతోంది? నా ప్లేటులో బిస్కట్టు ఎండి బెండవుతోంది?"

"ఒంటరి మనిషి కదా బాబాయ్, జాలేసింది."

"ఇన్నేళ్లూ వెయ్యని జాలి ఇవాళేసిందా?"

"నా మంచితనం మీ కహాబా వాళ్లకి కనపడదులే," అన్నాడు పర్విస్ జామ్ నాకుతూ.

జనవరి మూడో వారంలో రోషెల్ కొట్టుకొచ్చింది, కేకు ఆర్డరివ్వడానికి. సంతకాల రోజు మా ఊళ్లో పద్ధతొకటుంది. జిమ్‌లో బల్ల వేసి దానిమీద కాలేజీల టోపీలు పెడతారు. పిల్లాడు ఏ టోపీ తల మీద పెట్టుకుంటే ఆ కాలేజీ. పక్కనే గుడ్డ కప్పి కేకు ఉంటుంది. టోపీ పెట్టుకోగానే తల్లి గుడ్డ లాగుతుంది, కేకూ అదే రంగులో ఉంటుంది, జనం అరుస్తారు. అంటే ఊరందరికంటే ముందు తెలిసేది కేకు చేసేదానికే. అందుకే కేకు చేసేవాళ్లు నోరు కట్టుకోవాలి. ఇన్నేళ్లలో నా దగ్గర్నుంచి ఒక్క రంగు కూడా బయటికి పొక్కలేదు.

రోషెల్ తలుపు గడియ పెట్టింది. నా చెవి దగ్గరికొచ్చింది. కొత్త సెంటు వాసన.

"వదినా, ఒట్టేసి చెప్పు, అన్నయ్యకి కూడా చెప్పకూడదు."

"చెప్పను."

"మెరూన్."

నేను గభాల్న సింకు వైపు తిరిగాను. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాను. నా మొహంలో ఆనందం దానికి కనపడితే ఎలా? సీటు మాదే! నా బిడ్డ కాలేజీకి పోతాడు! గిన్నె మీద పడే నీళ్ల చప్పుడు కూడా బాజాలా వినిపించింది.

"కోపమొచ్చింది కదూ?" అంది వెనకనుంచి. "నాకు తెలుసు వదినా. నాన్నే ఉంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు. కానీ వాడికి అక్కడి కోచ్ నచ్చాడు. నేనేం చేసేది?"

"వాడి ఇష్టం. వాడి జీవితం," అన్నాను గొంతు బరువుగా పెట్టి. చూశారా, నేనూ నటించగలను.

అక్కడితో అది వెళ్లిపోయుంటే ఈ కథ లేదు. పోదు కదా! కుర్చీ లాక్కుని కూర్చుంది. టీవీ వాళ్లొస్తున్నారంది. బర్మింగ్‌హామ్ నుంచి కెమెరా బండి వస్తుందంది. తను వేసుకునే గౌను రంగు కెమెరాకి పడుతుందో లేదోనంది. నేను పిండి జల్లిస్తూ ఊఁ కొడుతున్నాను. అప్పుడు గొంతు తగ్గించి, జాలిగా, ఆ చర్చి గొంతుతో అంది:

"మా టెవిన్ ఒకటే బెంగ పెట్టుకున్నాడు వదినా, కోర్డెల్ బావ ఏమైపోతాడోనని. ఆ రెండేళ్ల జూనియర్ కాలేజీ కోచ్ నాకు తెలుసు. ఒక మాట చెప్పమంటావా?"

"అక్కర్లేదు."

"మొహమాటపడకు. మనలో మనకేంటి? అన్నట్టు టెవిన్‌కి కంపెనీ వాళ్లు కొత్త బూట్లు పంపారు. పాతవి రెండు జతలు అటకమీద పడున్నాయి. అంతగా అరగలేదు. కోర్డెల్‌కి సరిపోతాయేమో చూడు."

పాత బూట్లు! ఉయ్యాల అయింది, చొక్కాలయ్యాయి, సైకిలయింది, ఇప్పుడు బూట్లు. నా బిడ్డ దీని అటక మీద నుంచి దించిన బూట్లేసుకుని జీవితాంతం నడవాలా? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారలేదు, దూకింది.

"బూట్లు దాచుకో," అన్నాను. "మా వాడికి కహాబా స్టేట్ కొత్తవే ఇస్తుంది."

"అంటే?"

"అంటే ఏంటి? సీటిచ్చారు. మాట అయిపోయింది. అదే బుధవారం వాడూ సంతకం పెడతాడు."

దాని నోరు తెరుచుకుంది. మూసుకోలేదు. నా పెళ్లయినప్పటినుంచి దాన్ని అలా చూడాలని కోరిక నాకు. కోరిక తీరింది. ఏం సుఖం, ఏం సుఖం!

"మరి హొసియా బాబాయ్ ఫోన్లో ఎక్కడా లేదే!"

"గుప్త మాట," అన్నాను. అలాంటిదొకటుంది మాలో. కుర్రాడూ కోచూ లోలోపల మాటనేసుకుని, సంతకం రోజు దాకా పైకి పొక్కనివ్వరు. "కోచ్ గట్టిగా చెప్పాడు, కాకికి కూడా తెలియకూడదని. కోర్డెల్‌ని అడిగావనుకో, వాడు నన్ను చంపేస్తాడు. అందరికీ ఒకేసారి చెబుదామని దాచుకున్నాడు."

రోషెల్ లేచొచ్చి నన్ను వాటేసుకుంది. పిండి చేతులతో నేను అలాగే నిలబడ్డాను. ఏడ్చేస్తోంది పిచ్చిది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు వదినా? ఎన్ని రాత్రులు ప్రార్థన చేశానో వాడికోసం!" అంది. చేసే ఉంటుంది. ప్రార్థనలో కూడా అదే ముందు.

నేనేమీ భయపడలేదు. భయమెందుకు? మెరూన్ అని దాని నోటితోనే చెప్పింది. బుధవారం టెవిన్ మెరూన్ టోపీ పెట్టుకుంటాడు, వెంటనే మా వాడి ఫోను మోగుతుంది, అబద్ధం కాస్తా నిజమైపోతుంది. కొన్ని రోజులు ముందుగా చెప్పాను, అంతే. పెరుగు తోడుకోకముందే వడ్డించినట్టు.

మంగళవారం కేకు చేశాను. మెరూన్ రంగు కలుపుతుంటే చెయ్యి వెనక్కి లాగింది, మా నాన్న గుర్తొచ్చి. అయినా అంచులకి తెల్లటి పూలు కూడా పెట్టాను. ఇంత అందంగా శత్రువు రంగుని ఎవరూ చేసుండరు. ఒక చిన్న ఆకుపచ్చ టోపీ కొని కోర్డెల్ జాకెట్టు లోపలి జేబులో పెట్టాను. "ఫోను మోగేదాకా తియ్యకు," అన్నాను. వాడు నవ్వాడు. వాడికి నవ్వు రావడం తక్కువ.

బుధవారం జిమ్ కిక్కిరిసిపోయింది. స్టేజీ మీద బల్ల, బల్ల మీద రెండు టోపీలు, పక్కన తెల్లగుడ్డ కింద నా కేకు. రోషెల్ పసుపు గౌన్లో మెరిసిపోతోంది. మేం మూడో వరసలో కూర్చున్నాం, అటు వెండెల్, మధ్యలో నేను, ఇటు కోర్డెల్. వాడి అరచేతిలో ఫోను. వెనకనుంచి హొసియా బాబాయ్ జపం చేస్తున్నట్టు గొణుగుతున్నాడు, "పచ్చది ముట్టుకో నాయనా, పచ్చది ముట్టుకో." ఆయన పక్కన పర్విస్, "మెరూన్ నీ రంగుకి బాగా నప్పుతుందిరా అబ్బాయ్," అంటున్నాడు. నేను మనసులో పర్విస్ పాటే పాడుతున్నాను.

టెవిన్ లేచాడు. మైకు ముందు అమ్మకి, దేవుడికి, కోచ్‌కి థాంక్స్ చెప్పాడు. మెరూన్ టోపీ మీద చెయ్యి పెట్టాడు. పర్విస్ కుర్చీలోంచి సగం లేచాడు.

చెయ్యి తీసేశాడు. ఆకుపచ్చది తీసి తల మీద పెట్టుకున్నాడు.

జిమ్ పైకప్పు లేచిపోయింది. హొసియా బాబాయ్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మా ఆయన, నా మొగుడు, నా బిడ్డ కన్నతండ్రి, గాల్లోకి ఎగిరి "కహాబా!" అని కేకేశాడు. కేకేసి, అలాగే నిలబడి, మెల్లగా మావైపు తిరిగాడు. ఆ మొహం నేను మరిచిపోను. కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"మొన్నటిదాకా నా మనసు వేరే ఉంది," అంటున్నాడు టెవిన్ మైకులో. "మా అమ్మ నాకో రహస్యం చెప్పింది. చెప్పొద్దంది గానీ ఇంక ఆగలేను. మా కోర్డెల్ బావ కూడా కహాబాకే వస్తున్నాడు! ఆరేళ్లప్పట్నుంచి మేం పక్కపక్కనే ఆడాం. వాడు ఇద్దర్ని ఆపితేనే నేను ఒకణ్ణి పడేసేది. ఇది ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. వాడికి ఎదురుగా నిలబడి ఆడటం నావల్ల కాదు. కహాబా కోచ్‌ని అడిగితే 'మీ ఊరి పిల్లలంటే మాకు ప్రాణం' అన్నాడు. బావా, రా! నీ టోపీ ఏది?"

కోచ్‌లు అలాగే అంటారు. అవునని అనరు, కాదని అనరు.

ముందు ఎవరు మొదలెట్టారో తెలియదు. "కోర్డెల్!" అని ఒకరు, తర్వాత పదిమంది, తర్వాత జిమ్ మొత్తం. "కోర్డెల్! కోర్డెల్!" బల్లలు చరుస్తూ, కాళ్లు నేలకేసి తంతూ. కోర్డెల్ కదలలేదు. నావైపు తిరిగాడు.

"అమ్మా, ఏంటిది?"

బల్ల మీద కాగితం అలాగే ఉంది. టెవిన్ పెన్ను మూత ఇంకా తియ్యలేదు. వాడు పిచ్చి పిల్లాడు, నాకు తెలుసు. "ఆగరా, మీ బావకి సీటు లేదు, నువ్వెళ్తే అసలే లేదు, నేను అబద్ధం చెప్పాను" అని నేను ఒక్క కేక వేస్తే చాలు. పచ్చ టోపీ తీసేసి మెరూన్ పెట్టుకుంటాడు. మా వాడి ఫోను మోగుతుంది. అంతే. అంత చిన్న పని.

లేచాను.

లేచి నిలబడ్డాను. నోరు కూడా తెరిచాను. రోషెల్ స్టేజీ మీద నుంచి నావైపు చేతులు చాపి, "వదినా!" అంటోంది. బర్మింగ్‌హామ్ కెమెరా నావైపు తిరిగింది. జనం నన్ను చూసి ఇంకా గట్టిగా అరిచారు. కోర్డెల్! కోర్డెల్! నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఆట చూస్తూ బడి మైదానం మెట్ల మీద కూర్చుని టెవిన్ టెవిన్ అని విని విని చెవులు మొద్దుబారిన దాన్ని నేను. నా కొడుకు పేరు ఊరంతా కలిసి అరవగా మొదటిసారి విన్నాను. ఎంత బాగుంది! ఆ పేరు పెట్టింది నేనే. అరుపు కాస్త తగ్గాక చెబుదాం అనుకున్నాను. ఇంకొక్కసారి వినని అనుకున్నాను. అది తగ్గలేదు. టెవిన్ వంగాడు, సంతకం పెట్టాడు, హెడ్మాస్టరు ఆ కాగితం కహాబాకి పంపడానికి ఫ్యాక్స్ మిషను గదికి పరిగెత్తాడు.

నేను కూర్చున్నాను.

కోర్డెల్ లేచి స్టేజీ మీదికెళ్లాడు. టెవిన్‌ని గట్టిగా వాటేసుకున్నాడు. జాకెట్టు జేబులోంచి టోపీ మాత్రం తియ్యలేదు. జనం వాడికి సిగ్గనుకున్నారు.

రోషెల్ గుడ్డ లాగింది. కింద మెరూన్ కేకు! జిమ్ అంతా పగలబడి నవ్వింది. "రాత్రికి రాత్రి మార్చుకున్నాడు వదినా, నాక్కూడా చెప్పలేదు!" అంది రోషెల్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ. "ఇంత మంచి కేకు వేస్టయింది పాపం. ఆదివారం చర్చిలో ఆకుపచ్చది చేద్దాం, ఇద్దరి పేర్లూ రాసి. కోర్డెల్ పేరు ముందు రాయి, పెద్దవాడు కదా." అది నిజంగానే అంది. దాని మనసులో ఇసుమంత కల్మషం లేదు. అదే నాకు పట్టరానిది. కాస్త చెడ్డదైనా కాకూడదా, నేను హాయిగా ఏడుద్దును!

కేకు కోసే కత్తి నా చేతిలో పెట్టారు. ఎవరూ రావడం లేదు. "ఆ రంగు నా పళ్లకి తగిలితే పళ్లు పీకించుకుంటాను," అన్నాడు హొసియా బాబాయ్ దూరం నుంచే. పర్విస్ ఒక్కడే ప్లేటు పట్టుకొచ్చాడు, పెద్ద ముక్క తీసుకుని మూల కుర్చీలో ఒంటరిగా కూర్చున్నాడు. తన వ్యాపారంలో కూడా వాడు అంత దిగులుగా ఉండడు.

కోర్డెల్ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ఫోను తిప్పి చూపించాడు. కహాబా కోచ్ పంపిన మెసేజి. మీ బావమరిదికి అభినందనలు, నీకు ఎక్కడో ఒకచోట మంచి జరుగుతుంది అని ఉంది.

"అత్తకి నువ్వే చెప్పావా?"

తలూపాను.

"సరే. అది పోనీ." వాడి గొంతులో కోపం లేదు. కోపముంటే నేనూ తిరిగి ఏదో అనుండేదాన్ని. "నువ్వు లేచావు కదమ్మా. వాడింకా సంతకం పెట్టలేదు. ఎందుకు చెప్పలేదు?"

కత్తికంటిన మెరూన్ క్రీము వేలితో తుడిచాను. ఏం చెప్పను? ఉన్నదే చెప్పాను.

"అందరూ నీ పేరు పిలుస్తున్నార్రా."

వాడు ప్లేటు ముందుకు చాపాడు. ముక్క పెట్టాను. తీసుకెళ్లి పర్విస్ పక్కన కూర్చుని తిన్నాడు.